మంచు బండి కొన్నా... మొదటి రైడ్ గ్యారేజీలోనే!

ఒక్క లాగుడుకే స్టార్టయింది. నేను పడిపోయింది అక్కడే.

డిసెంబరు చివరి వారం. మినియాపొలిస్ నుంచి ఉత్తరంగా రెండు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వెళ్తే ఒక చిన్న ఊరు. ఇంటి ముందు మంచులో నిలబెట్టి ఉంది నా కలల బండి. 2003 మోడల్ స్నోమొబైల్, 600 సీసీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజన్. మీటర్ మీద 5,400 మైళ్లు. అమ్మే ఆయన తాడు పట్టుకుని ఒక్కసారి లాగారు. ‘డుర్ర్‌ర్’ అంటూ నీలం పొగ వదిలింది. ఆ వాసన ముక్కుకి తగలగానే చిన్నప్పుడు మా బాబాయ్ ఆర్‌ఎక్స్ 100 మీద ముందు ట్యాంకు పైన కూర్చున్న రోజులు గుర్తొచ్చేశాయి. ఇంకేముంది, రెండు వేల డాలర్లు చెప్పిన బండిని పద్దెనిమిది వందలకు బేరమాడి, అద్దె ట్రైలర్ మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చేశా. ‘పోయినేడు కూడా సూపర్‌గా నడిచింది’ అన్న ఆయన మాట తప్ప నా దగ్గర ఇంకో ఆధారం లేదు.

అప్పటికే ఆఫీసు మిత్రులు సంక్రాంతి దగ్గర్లో వచ్చే శనివారానికి ప్లాన్ వేసేశారు. నాలుగు బండ్లు, అరవై మైళ్లు, మధ్యలో గడ్డకట్టిన సరస్సు దాటడం. నేనూ చెయ్యి ఎత్తేశా.

ట్రైలర్ దించుతుంటే పక్కింటి పెద్దాయన వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, ఇక్కడే పుట్టి పెరిగారు. బండి చుట్టూ ఒక రౌండ్ వేసి ఒకే ఒక ప్రశ్న అడిగారు: “నువ్వు వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉందా, వేడిగా ఉందా?”

నేను చూసుకోలేదు. ఆయన ఇంకేమీ అనకుండా తల ఊపారు. ఆ ఊపుడుకి అర్థం నాకు రెండు వారాల తర్వాత తెలిసింది.

మంచు మీద స్కూటర్

మన వైపు ఈ బండిని చూసినవాళ్లు తక్కువ కాబట్టి రెండు ముక్కలు చెప్తా. ముందు రెండు స్కీలు ఉంటాయి, హ్యాండిల్ తిప్పితే అవి తిరుగుతాయి. వెనక చక్రాలు ఉండవు. వాటి బదులు పళ్లున్న రబ్బరు పట్టా ఒకటి గుండ్రంగా తిరుగుతుంది, దాన్నే ట్రాక్ అంటారు. గేర్లు మార్చే పని లేదు. మన గేర్‌లెస్ స్కూటర్లో ఉన్నట్టే రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక బెల్టు. అక్కడి నుంచి చైన్ ద్వారా ట్రాక్‌కి పవర్ వెళ్తుంది. స్కూటర్ బెల్టు తెలిసినవాడికి దీని సగం సంగతి తెలిసినట్టే.

ఇప్పుడంటే వీకెండ్ సరదా అయింది గానీ, మంచు మీద నడిచే బండి కథ వెనక ఒక దుఃఖం ఉంది. కెనడాలోని క్విబెక్‌లో జోసెఫ్ అర్మాండ్ బాంబార్డియర్ అనే మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ల కొడుకుకి జబ్బు చేసింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆస్పత్రికి తీసుకెళ్లలేకపోయారు. పిల్లాడు దక్కలేదు. మంచులో నడిచే బండి కోసం అప్పటికే ప్రయత్నిస్తున్న ఆ తండ్రి, ఆ తర్వాత మరింత పట్టుదలగా పనిచేసి 1937 నాటికి పలువురు కూర్చునే మంచు వాహనం తయారుచేశాడు. 1959లో ఆయన కంపెనీ తెచ్చిన ‘స్కీ డూ’తో ఒకరిద్దరు నడుపుకునే చిన్న బండి జనంలోకి వచ్చింది. మా మినెసోటాలోనూ రోజో అనే చిన్న ఊళ్లో పొలారిస్, థీఫ్ రివర్ ఫాల్స్‌లో ఆర్కిటిక్ క్యాట్ పుట్టాయి. ఈ రాష్ట్రంలో స్నోమొబైల్ దారులే 22 వేల మైళ్లకు పైగా ఉన్నాయి.

అంటే ఊరికి దూరంగా, రోడ్డు లేని చోట నడవడానికే ఈ బండి ఉంది. అందుకే అది ఆగిపోతే వచ్చే ఇబ్బంది కూడా వేరు. విజయవాడలో స్కూటర్ ఆగితే తోసుకుంటూ వెళ్తాం. మైనస్ 24 డిగ్రీల చలిలో, రోడ్డుకి పది మైళ్ల దూరంలో, మోకాలి లోతు మంచులో రెండొందల యాభై కిలోల బండిని ఎవరు తోస్తారు?

వేడి ఇంజన్ చెప్పని మాట

మొదటి వారం బద్ధకించా. స్టార్టవుతోందిగా, ఇంకేం చూడాలి అనుకున్నా. రైడ్‌కి ఎనిమిది రోజుల ముందు పెద్దాయన తన కంప్రెషన్ గేజ్ పట్టుకుని గ్యారేజీలోకి వచ్చేశారు.

ఆరు గంటలుగా ముట్టుకోని ఇంజన్ అది. తాడు లాగా. రాలేదు. చోక్ వేసి మళ్లీ లాగా. తొమ్మిదోసారికి దగ్గుతూ లేచింది. అప్పుడు అర్థమైంది ఆయన ప్రశ్న. వేడెక్కిన ఇంజన్ ఎవరికైనా ఒక్క లాగుడుకే స్టార్టవుతుంది. దాని అసలు ఆరోగ్యం చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. అమ్మే ఆయన కావాలనే ముందు వేడి చేశారో, చలికి మనిషిని నిలబెట్టడం ఎందుకని చేశారో నాకు తెలీదు. అడగాల్సిన బాధ్యత మాత్రం నాదే. ‘నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు’ అని ఒక్క మెసేజ్ పెడితే సరిపోయేది.

తర్వాత కంప్రెషన్ టెస్ట్. రెండు ప్లగ్గులూ ఊడదీసి, ప్లగ్ క్యాపుల్ని ఇంజన్ బాడీకి ఎర్త్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని, ముల్లు ఇంకా పైకి కదలనంత వరకూ తాడు లాగాలి. ఒక సిలిండర్ 124 పీఎస్ఐ, రెండోది 120. నెంబరు ఎంతన్నది ఇంజన్‌ని బట్టి మారుతుంది. రెండింటి మధ్య తేడా పది శాతం దాటకూడదన్నది అందరూ పాటించే లెక్క. “ఇంజన్ బోర్‌కి రాలేదు, నీ అదృష్టం” అన్నట్టు పెద్దాయన భుజం తట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సంతోషం ప్లగ్గులు చూసేదాకే.

ఒకటి గోధుమ రంగు, ఒకటి తెలుపు

ఊడదీసిన రెండు ప్లగ్గుల్ని బల్ల మీద పక్కపక్కన పెట్టి ఫొటో తీసి బాబాయ్‌కి పంపా. ఆయన ముప్ఫై ఏళ్లుగా విజయవాడలో టూవీలర్ మెకానిక్. మంచు టీవీలో తప్ప చూడలేదు. నాకు శనివారం రాత్రి తొమ్మిది, ఆయనకు ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర. రెండు నిమిషాల్లో వీడియో కాల్ వచ్చింది.

“ఒరేయ్ నాన్నా, ఆ తెల్లగా ఉన్నది ఏ సిలిండర్‌ది?”

“కుడి వైపుది బాబాయ్.”

“దానికి పెట్రోల్ సరిగ్గా అందట్లేదురా. ఒకటి కాఫీ రంగులో ఉంది, ఇంకోటి సున్నం కొట్టినట్టుంది. రంగు కాస్త అటూ ఇటూ అయితే భయం లేదు. రెండూ ఒకేలా ఉండాలి కదా? నువ్వు దాన్ని తోలావా ఏంటి?”

“ఇంటి ముందు నాలుగు రౌండ్లు.”

“ఇంక తోలకు.”

ఆయన చెప్పింది ఇది. టూ స్ట్రోక్‌లో పెట్రోల్‌తోనే ఆయిల్ కూడా కలిసి లోపలికి వెళ్తుంది. పెట్రోల్ తగ్గి గాలి ఎక్కువైతే మంట వేడి విపరీతంగా పెరుగుతుంది. మెల్లగా నడిపినప్పుడు తేడా తెలియదు. సరస్సు మీద మైలు దూరం ఫుల్ యాక్సిలరేటర్ కొట్టామా, పిస్టన్ పైభాగం కరిగి రంధ్రం పడుతుంది, లేదా సిలిండర్‌కి పట్టేసి ఇంజన్ జామ్ అవుతుంది. ముందుగా చప్పుడు కూడా వినిపించకపోవచ్చు. “ఆర్‌ఎక్స్‌లు ఎన్ని అలా జామ్ అయి నా షాపుకి వచ్చాయో. అవి బెంజ్ సర్కిల్ దగ్గర ఆగాయి కాబట్టి ఆటోలో వేసుకొచ్చారు. నువ్వెక్కడ ఆగుతావో చూసుకో” అన్నారు.

నేను ఆగబోయేది సరిగ్గా సరస్సు మధ్యలో.

ఆ రాత్రే మిత్రులకి మెసేజ్ పెట్టా, ఈసారి నేను రానని. గ్రూపులో ఏడుపు మొహాల ఎమోజీలు కురిశాయి. ‘మనోడు బండి కొన్నది ఫొటోలకే’ అని ఒకడు. నిజంగా సిగ్గేసింది. కానీ బల్ల మీద ఆ తెల్ల ప్లగ్ కనపడుతూనే ఉంది.

పాత పెట్రోల్ చేసే పని

కుడి కార్బురేటర్ విప్పగానే దొంగ దొరికాడు. అడుగున ఉండే గిన్నెలో ఆకుపచ్చ జిగురు. పైలట్ జెట్‌ని లైటుకి ఎదురుగా పెట్టి చూస్తే వెలుగే రాలేదు. బండిని వేసవంతా ట్యాంకులో పెట్రోల్ ఉంచి వదిలేస్తే జరిగేది ఇదే. ఇక్కడి మామూలు పెట్రోల్‌లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలకుండా ఉంటే పెట్రోల్ పాడై, ఆవిరి కాగా మిగిలిన జిగురు సూది మొనంత రంధ్రాల్లో గడ్డకడుతుంది. మన దగ్గరా ఇప్పుడు ఇథనాల్ కలిపిన పెట్రోలే కాబట్టి నెలల తరబడి మూలన పడేసే పాత బండ్లున్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవచ్చు.

“తీగతో పొడవకురా, రంధ్రం పెద్దదైపోతుంది” అని బాబాయ్ ముందే హెచ్చరించారు. జెట్లని క్లీనర్‌లో నానబెట్టి, కంప్రెసర్ గాలి కొట్టి, మళ్లీ లైటుకి పెట్టి చూశా. గుండ్రటి చుక్కలా వెలుగు కనిపించింది. కోడ్‌లో మూడు రోజులు వెతికిన బగ్ దొరికినప్పటి ఆనందం దీని ముందు ఏపాటి!

అక్కడితో ఆగిపోదామనుకున్నా. పెద్దాయన ఆగనివ్వలేదు. కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టాల్ని వేళ్లతో వంచి చూడమన్నారు. మామూలుగా చూస్తే బాగానే ఉన్నాయి. వంచగానే కుడి దాని మీద పగుళ్లు నోరు తెరిచాయి. అక్కడి నుంచి కూడా గాలి దొంగతనంగా లోపలికి పోతోందన్నమాట. ఒక్క జెట్ శుభ్రం చేసి మురిసిపోయి ఉంటే, తెల్ల ప్లగ్ మళ్లీ తెల్లగానే వచ్చేది. రెండు గొట్టాలూ కొత్తవి వేశా.

ఆయిల్ పంపు నుంచి వచ్చే సన్న పైపులూ ఎండిపోయి గట్టిపడ్డాయి. ఇవి చలికి విరిగితే ఇంజన్‌కి ఆయిల్ ఆగిపోతుంది, మీకేమీ తెలియదు. అవీ మార్చా. పైపులు మార్చాక వాటిలో చిక్కుకున్న గాలిని తీసెయ్యాలి. దానికి తోడు మొదటి ట్యాంకు వరకూ పెట్రోల్‌లోనే 50 పాళ్లకు ఒక పాలు చొప్పున ఆయిల్ కలిపి పోసుకున్నా. పాత రోజుల్లో మన బంకుల్లో టూటీ ఆయిల్ కలిపించుకున్నట్టే. పొగ ఎక్కువ వస్తే వస్తుంది, పంపు మొరాయించినా ఇంజన్ బతుకుతుంది.

ఎయిర్ బాక్స్ మూత తీస్తే ఎలుక గూడు. గడ్డి, సీటు స్పాంజి ముక్కలు, ఎవరి గ్లౌజో చిరిగిన పీలికలు. ఇక్కడ పాత బండి కొన్నవాళ్లలో చాలామందికి ఇది మామూలేనట!

బెల్టు, చైను, ట్రాక్

ఇంజన్ సంగతి అయ్యాక మిగతావి వరసగా పట్టా.

బెల్టు తీసి అంచులు చూశా. అద్దంలా మెరుస్తుంటే అది జారి కాలిందని గుర్తు. దారాలు లేచినా, పళ్ల మధ్య పగుళ్లున్నా, మాన్యువల్‌లో చెప్పిన వెడల్పు కంటే అరిగినా మార్చాల్సిందే. నాది మెరుస్తోంది. కొత్తది వేసి, పాతదాన్ని పారేయకుండా అత్యవసరానికి బానెట్ కింద పెట్టా. పుల్లీ ముఖాలు శుభ్రం చేసేటప్పుడు ఆయిల్ చేతులతో ముట్టుకోకూడదు, మళ్లీ బెల్టు జారుతుంది.

చైన్ కేస్ ఆయిల్ తీస్తే నల్లగా వచ్చింది. అడుగున ఉన్న అయస్కాంతానికి బూడిదలాంటి మెత్తటి పొడి అంటుకుని ఉంది. అది మామూలు అరుగుదలే. పలుకులూ, ముక్కలూ కనిపిస్తే బేరింగో, పళ్లో పోతున్నాయని అర్థం. నాకు పొడి మాత్రమే కనిపించింది. ఆయిల్ మార్చి, చైన్ టెన్షన్ సరిచేశా.

ట్రాక్‌ని చేత్తో తిప్పుతూ ప్రతి పన్నూ చూశా. చిరుగులు, విరిగిన అడ్డపుల్లలు లేవు. లోపలి చిన్న చక్రాల్ని ఒక్కోదాన్నీ తిప్పితే రెండు గరగరమన్నాయి, బేరింగులు పోయాయి. ట్రాక్ జారే పట్టాల కింద ప్లాస్టిక్ స్లైడ్లు ఉంటాయి. వాటికి గ్రీజు ఉండదు, మంచే గ్రీజు! ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు కూడా బండి అడుగున ఉన్న గొట్టాల గుండా పోతాయి, ట్రాక్ ఎగజిమ్మే మంచే వాటిని చల్లబరుస్తుంది. అందుకే మంచు లేని గట్టి ఐస్ మీద, సిమెంటు మీద ఎక్కువ దూరం నడిపితే స్లైడ్లు కరుగుతాయి, ఇంజన్ కాగిపోతుంది. చలి బండికి చలే మందు.

ఒక జాగ్రత్త. వెనక భాగం ఎత్తి ట్రాక్ తిప్పి చూసేటప్పుడు బండి వెనక మనిషి ఉండకూడదు. ట్రాక్‌లోంచి ఊడిన ముక్కో, ఇరుక్కున్న రాయో బులెట్‌లా వస్తుంది. పెద్దాయన నన్ను రెక్క పట్టుకుని పక్కకి లాగింది ఆ రెండు వారాల్లో ఒక్క అప్పుడే.

ఆగడం కూడా రావాలి

నడపడం అందరూ చూస్తారు, ఆగడం ఎవరూ చూడరు. బ్రేక్ ఫ్లూయిడ్ టీ డికాషన్ రంగులోకి మారి ఉంది. తీసేసి కొత్తది పోసి, గాలి తీశా. యాక్సిలరేటర్ లివర్ నొక్కి వదిలితే ‘టక్’మని వెనక్కి రావాలి. నాది కాస్త బద్ధకంగా వస్తోంది. కేబుల్‌లో తేమ చేరి గడ్డకడితే అది వెనక్కి రాదు, బండి ఆగదు. కేబుల్ మార్చా. జాకెట్‌కి తగిలించుకునే కిల్ స్విచ్ తాడు లాగి చూశా, ఇంజన్ వెంటనే ఆగింది. మనం కింద పడితే బండి మనల్ని వదిలి వెళ్లిపోకుండా కాపాడేది అదే. స్కీల కింద ఉండే కార్బైడ్ కడ్డీలు గుండ్రంగా అరిగిపోయాయి, అవి లేకపోతే ఐస్ మీద హ్యాండిల్ తిప్పినా బండి తిన్నగానే పోతుంది. అవీ కొత్తవే.

మొత్తం మూడు వీకెండ్లు, నాలుగు వందల పది డాలర్లు. వేళ్ల మధ్య పోని మసి అదనం.

ఈలోగా ఆన్‌లైన్ సేఫ్టీ కోర్సూ పూర్తి చేశా. మినెసోటాలో 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్లు ప్రభుత్వ స్థలాల్లో స్నోమొబైల్ నడపాలంటే ఆ సర్టిఫికెట్ ఉండాలి. సరస్సు మీదకి వెళ్లాలంటే కొత్తగా కట్టిన స్వచ్ఛమైన ఐస్ కనీసం అయిదు నుంచి ఏడు అంగుళాల మందం ఉండాలన్నది ఇక్కడి సహజవనరుల శాఖ సూచన. తెల్లటి ఐస్ అయితే అందులో సగం బలమే, కాబట్టి రెట్టింపు మందం కావాలి. మందం కొలవకుండా అడుగు పెట్టడం, ప్లగ్ చూడకుండా యాక్సిలరేటర్ కొట్టడం రెండూ ఒకటే.

పాత బండి కొంటున్నారా? అక్కడే ఇవి చూడండి

* మీరు వెళ్లేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే చేత్తో తాకి చూడండి.
* కంప్రెషన్ గేజ్ తీసుకెళ్లండి. టెస్ట్ చేయనివ్వకపోతే తిరిగి వచ్చేయండి.
* ప్లగ్గులు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.
* ట్యాంకు మూత తీసి వాసన చూడండి. పాత పెట్రోల్ పులిసిన వార్నిష్ వాసన వేస్తుంది.
* బండి ముందు భాగం ఎత్తి స్కీలు ఊపి చూడండి. వంగిన కడ్డీలు, కొత్త వెల్డింగులు ఉంటే ఎక్కడో చెట్టుని గుద్దిందని అర్థం.
* ఛాసిస్ మీద నెంబరు, రిజిస్ట్రేషన్ కాగితం మీద నెంబరు ఒకటేనా చూడండి.

వీటన్నిటికీ అరగంట పట్టదు. ఆ అరగంట నేను పెట్టి ఉంటే, బండి కొనేవాడినే. మూడు వందలు తగ్గించి కొనేవాడిని!

ఫిబ్రవరి మొదటి ఆదివారం పెద్దాయన తన బండి మీద ముందు, నేను వెనక. దూరం పోలేదు. ఇంటి వెనక దారిలో మూడు మైళ్లు వెళ్లి ఆగాం. బ్యాగులోంచి పానా తీసి ఆ చలిలోనే ప్లగ్గులు రెండూ ఊడదీశా. గ్లౌజు మీద పక్కపక్కన పెట్టుకుని చూశా. రెండూ కాఫీ రంగే.

ఫొటో తీసి బాబాయ్‌కి పంపా. అక్కడ రాత్రి పది దాటింది, పడుకుని ఉంటారనుకున్నా. వెంటనే జవాబొచ్చింది:

“ఇప్పుడు తోలుకో.”